మేనమామ కూర్చోలేదు

విస్సన్నపేట,
సోమవారం.

కుర్చీ వేసినా కూర్చోని మహానుభావుడు, తిరువూరు సుందరరాజు మాస్టారికి, బావ ప్రభుదాసు వందనాలు.

ఫోన్ చేస్తే ఎత్తవు. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్ అంటుంది. అందుకని ఎన్నో ఏళ్ల తర్వాత పోస్టాఫీసుకి వెళ్లి కవరు కొన్నాను. కౌంటర్లో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. ఆ అవమానం కూడా నీ వల్లే.

నా కూతురు హెప్సిబా ప్రధానానికి నువ్వు మేనమామవి. ముందు వరసలో నీ కోసం ఎర్ర వెల్వెట్ గుడ్డ కప్పిన కుర్చీ వేయించాను. మేనమామ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటేగానీ మా ఇళ్లలో పిల్లని బయటికి తీసుకురారని నీకు తెలియదా? నువ్వేం చేశావు? వెళ్లి ఆ కుర్చీ వెనక నిలబడ్డావు. పాస్టరు గారు కూర్చోమంటే "పర్వాలేదండి" అన్నావు. మళ్లీ అంటే మళ్లీ పర్వాలేదన్నావు. చివరికి పిల్లని అలాగే బయటికి తీసుకురావాల్సొచ్చింది, ఆ కుర్చీలో ఫొటోగ్రాఫరు తన బ్యాగు పెట్టుకున్నాడు.

భోజనాల దగ్గర ఇంకా ఘోరం. గోంగూర మటన్ ముట్టలేదు. చేపల పులుసు చూసి మొహం తిప్పుకున్నావు. అన్నంలో మజ్జిగ పోసుకుని, నిలబడే నాలుగు ముద్దలు మింగి, షామియానా చుట్టూ తిరగడం మొదలుపెట్టావు, పోలింగ్ బూత్ దగ్గర పోలీసులాగా. ఎ.కొండూరు నుంచి వచ్చిన మగపెళ్లివాళ్లందరూ తినడం మానేసి నిన్నే చూశారు. కాబోయే వియ్యంకుడు యేసురాజు గారు నన్ను పక్కకి పిలిచి, "మేనమామగారికి ఈ సంబంధం ఇష్టం లేదాండి?" అని అడిగారు. మేనమామ కూర్చోకుండా వెళ్లిపోతే దానికి అర్థమేంటో ఆయనకీ తెలుసు, నీకూ తెలుసు.

వచ్చే నెల పెళ్లి. అక్కడా ఇదే వేషం వేస్తే వాళ్లు పిల్లని చేసుకోరు. మనసులో ఏం పెట్టుకున్నావో రాయి.

ఇట్లు,
నీ అక్కని చేసుకున్న పాపానికి,
ప్రభుదాసు.

తా.క.: మీ అక్క రిబ్కా నీకు వందనాలు చెప్పమంది. నేను చెప్పడం లేదు.


తిరువూరు,
గురువారం.

గల్లాపెట్టె వెనక కుర్చీలో వేళ్లూనుకుపోయిన బావగారికి, నిటారుగా నిలబడి ఈ ఉత్తరం రాస్తున్న సుందరరాజు వందనాలు.

ఫోన్ ఎత్తకపోవడానికి కారణం ఉంది. మా ఆవిడ గ్లోరి ఫోన్‌ని స్పీకర్లో పెట్టందే ఎవరినీ మాట్లాడనివ్వదు. మా ఇంట్లో మాట్లాడిందంతా వీధి వింటుంది. కొన్ని సంగతులు వీధికి అక్కర్లేదు.

మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. సర్వీసంతా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా ఎండలో నిలబడి చేసినవాణ్ణి నేను. కూర్చునే జాతంటే నాకు మొదట్నుంచీ చులకనే. మీ సంగతే చూడండి. పొద్దున పురుగుమందుల కొట్టు తెరుస్తారు, ఆ తిరిగే కుర్చీలో కూలబడతారు. పక్క అరలో డబ్బా అందుకోవాలన్నా కుర్చీతో సహా దొర్లుతారు గానీ లేవరు. పొద్దున మిరపకాయ బజ్జీలు, సాయంత్రం మళ్లీ మిరపకాయ బజ్జీలు, మధ్యలో టీలు. మీరు మంచినీళ్లు తాగగా నేనెప్పుడూ చూడలేదు. అలాంటి మనిషి నన్ను పట్టుకుని ఎందుకు కూర్చోలేదని నిలదీయడం, నేను సంజాయిషీ రాయడం!

నేను రోజూ పొద్దునా సాయంత్రం ఎ.కొండూరు రోడ్డు మీద నడుస్తున్నాను. నడక ఆరోగ్యం. నిలబడటం ఆరోగ్యం. ప్రధానంలో నేను చేసిందీ ఆరోగ్యమే. అది మీకు అవమానంలా కనబడితే కొంచెం ఆ కుర్చీలోంచి లేచి ఆలోచించండి. సంబంధం నాకు ఇష్టమే. హెప్సిబాని నా భుజాల మీద ఎక్కించుకుని గ్రౌండంతా తిప్పినవాణ్ణి నేను. ఆ పిల్ల పెళ్లి చెడగొడతానా?

ఇట్లు,
నడుము వంచని,
సుందరరాజు.

తా.క.: విస్సన్నపేట సంతలో బాగా పండిన బొప్పాయిలు దొరికితే బస్సు కండక్టరు చేత పంపండి. కాస్త ఎక్కువే పంపండి. ఎందుకని అడగొద్దు.


విస్సన్నపేట,
మంగళవారం.

బొప్పాయిలు కోరిన బావమరిదికి, ఒక్క కాయ కూడా పంపని ప్రభుదాసు వందనాలు.

పైనంతా నన్ను తిట్టి అడుగున పళ్లడుగుతావా? సిగ్గుండక్కర్లేదూ?

నీ ఆరోగ్యం సంగతి ఇప్పుడు బయటపడింది. నడవడానికి తిరువూరులో ఇంకో రోడ్డే లేదా? యేసురాజు గారి తమ్ముడు నిన్ను ఆ రోడ్డు మీద చూశాడట. ఒకసారి కాదు, రోజూ. చేతులు వెనక్కి కట్టుకుని, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ, మధ్యమధ్య ఆగి దిక్కులు చూస్తూ పోతున్నావట. ఊరి మొదట్లో టీకొట్టు దగ్గర అందరూ బల్ల మీద కూర్చుంటే నువ్వు నిలబడి వేణ్ణీళ్లు అడిగావట. వాళ్ల ఊరి టీ కూడా ముట్టడానికి లేదా నీకు? పెళ్లికొడుకు గురించి మేనమామ ఆరా తీస్తున్నాడని ఎ.కొండూరులో అందరూ తేల్చేశారు. మేనమామ సంబంధం చెడగొట్టాలనుకుంటే చేసే పని అదే కదా, టీకొట్ల దగ్గర చేరి అబ్బాయి తాగుతాడా, తిరుగుతాడా అని కూపీ లాగడం. బెన్నీ బంగారంలాంటి కుర్రాడు. వాణ్ణి అనుమానించడానికి నీకు మనసెలా వచ్చింది?

హెప్సిబా సరిగ్గా అన్నం తినడం లేదు. "మావయ్యకి నేనేం చేశాను నాన్నా" అంటోంది. నన్ను నువ్వు ఎన్నన్నా పడతాను, దాని జోలికొస్తే ఊరుకోను. ఆదివారం లోపల మీ మేనమామ మాటేంటో తేల్చమని యేసురాజు గారు కబురు పెట్టారు. తేల్చకపోతే పెళ్లి ఆపేస్తారు. ఇప్పుడు నీ ఆరోగ్యం చూసుకో.

ఇట్లు,
కూతురి తండ్రి,
ప్రభుదాసు.

తా.క.: నువ్వు పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఒకటి కొన్నావని, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదని గ్లోరి మీ అక్కతో చెప్పిందట. మేనమామ కానుక అదే అయితే ముందే చెప్పు. మీ అక్కకి గుండె నిబ్బరం తక్కువ.


తిరువూరు,
బుధవారం.

బావగారికి, గదిలో గడియ పెట్టుకుని సుందరరాజు రాయునది.

ఇది మీరొక్కరే చదవండి. అక్క ముందు చదవొద్దు. కొట్లో అసలే చదవొద్దు.

నాకు ఫిషర్. తెలియకపోతే తెలుసుకోండి, మలద్వారం దగ్గర చర్మం చిట్లింది. పొద్దున దొడ్డికి వెళ్లడమంటే గాజుపెంకుతో కోసినట్టు ఉంటుంది. ఆ తర్వాత గంటల తరబడి మంట. కుర్చీ కనబడితే ఏడుపొస్తుంది. మీరు వేయించిన ఆ ఎర్ర వెల్వెట్ కుర్చీని నేనెంత ఆశగా చూశానో మీకేం తెలుసు?

రిటైరయ్యాక ఊరికే ఉండలేక బరువులెత్తడం మొదలుపెట్టాను. మాంసం, గుడ్లు, మళ్లీ మాంసం. ఆకుకూర మేకలు తింటాయి, మనకెందుకు అన్నాను. నీళ్లు తాగడం మర్చిపోయాను. కడుపు గట్టిపడింది, ముక్కాను, చిట్లింది. విజయవాడలో డాక్టర్ స్నిగ్ధ గారి దగ్గరికి వెళ్లాను. మా అమ్మాయి వయసుంటుంది. ఆవిడ ముందు నేను పడిన సిగ్గు రాయను. బరువులు వద్దు, కొన్నాళ్లు సైకిలు వద్దు, ఎక్కువసేపు కూర్చోవద్దు అంది. పోనీ మంచమెక్కుతానంటే అదీ కుదరదంది. రోజూ నడవాలి, నడిస్తే కడుపు కదులుతుంది. నీళ్లు బాగా తాగాలి, కారం తగ్గించాలి, ఆకుకూరలు, బొప్పాయి తినాలి. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కాసేపు కూర్చోవాలి. అదీ టబ్బు కథ. మా అక్కకి గుండె నిబ్బరం చెప్పండి.

ఎ.కొండూరు రోడ్డే ఎందుకంటే, మిగతా రోడ్లన్నిటి మీదా నా పాత స్టూడెంట్లు ఉన్నారు. క్లాసులో కూలబడ్డ ప్రతివాణ్ణీ లేపి, "కూర్చుంటే తుప్పు పడతావురా" అని ఊరంతా వినేలా అరిచినవాణ్ణి. నేను చిన్న అడుగులు ఎందుకు వేస్తున్నానో వాళ్లకి తెలిస్తే తిరువూరులో తలెత్తుకోగలనా? దిక్కులు చూసింది పెళ్లికొడుకు కోసం కాదు, వాళ్ల కోసం.

మగపెళ్లివారికి ఏదో ఒకటి చెప్పండి. ఏదైనా సరే, ఇది మాత్రం చెప్పొద్దు. హెప్సిబాకి మావయ్య కోపంగా లేడని చెప్పండి. అన్నం తినమనండి.

ఇట్లు,
సుందరరాజు.

తా.క.: నవ్వితే నాకు తెలుస్తుంది. విస్సన్నపేట ఎంతో దూరం లేదు.


విస్సన్నపేట,
సోమవారం.

రెండు సంఘాలు కొనియాడుతున్న ప్రార్థనావీరుడు సుందరరాజుకి, ఆ కీర్తి సంపాదించిపెట్టిన బావ వందనాలు.

నవ్వాను. కస్టమర్లు చూడకుండా మందు పెట్టెల వెనక్కి వెళ్లి మరీ నవ్వాను. ఊరందరి చేతా గుంజీళ్లు తీయించిన డ్రిల్లు మాస్టారికి చివరికి కుర్చీ గతిలేకుండా పోయింది. నేను నా కుర్చీలో హాయిగా కూర్చున్నంత కాలం నాకేమైనా అయిందా? చెప్పు.

సరే, విను. శనివారం ఎ.కొండూరు వెళ్లాను. యేసురాజు గారు, వాళ్ల పాస్టరు, సంఘ పెద్దలు అందరూ మొహాలు ముడుచుకుని కూర్చున్నారు. నోరు తెరిస్తే నీ ఫిషరే బయటికొచ్చేట్టుంది. ఏం తోచక, "మా బావమరిది మ్రొక్కుబడి చేసుకున్నాడండి" అన్నాను. ఆ తర్వాత ఇక ఆగలేదు. హెప్సిబా పెళ్లయ్యేదాకా కూర్చోనని, కారం ముట్టనని, టీ మానేసి వేణ్ణీళ్లే తాగుతానని, రోజూ పిల్ల అత్తగారి ఊరి వైపు నడుస్తూ వాళ్ల కాపురం కోసం ప్రార్థన చేస్తానని దేవుడికి మాటిచ్చాడన్నాను. యేసురాజు గారు కళ్లు తుడుచుకున్నారు. అలాంటి మనిషినా మేం అనుమానించింది అన్నారు. నిన్న పాస్టరు గారు ప్రసంగంలో నీ పేరు చెప్పారు. హెప్సిబా కడుపునిండా తిన్నది.

ఒక చిన్న చిక్కొచ్చింది. పిల్ల మేనమామే అంత చేస్తుంటే పిల్లాడి తండ్రినైన నేను కూర్చోవడమేంటని యేసురాజు గారు కూడా కూర్చోవడం మానేశారు. ఆయనకి అసలే షుగరు, కాళ్లు వాస్తాయి. ఎంత చెప్పినా వినడం లేదు. నేనేం చేయను? పెళ్లి దాకా ఇద్దరూ నిలబడండి. ఇప్పుడు నిజం బయటపడితే నీ పరువుతో పాటు నాదీ పోతుంది.

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. కౌంటరు మీద పెట్టి నిలబడే రాస్తున్నాను. కుర్చీ రిపేరుకిచ్చాను.

ఇట్లు,
నీ పరువు కాపలాదారు,
ప్రభుదాసు.

తా.క.: సంతలో మంచి బొప్పాయిలు కనబడితే ఒక బుట్టెడు కొన్నాను. రేపోమాపో పంపుతాను.


తిరువూరు,
పెళ్లైన రెండో రోజు.

అమ్మాయి పెళ్లి చేసి బరువు దించుకున్న బావగారికి, ఉన్న మంటని రెట్టింపు చేసుకున్న సుందరరాజు వందనాలు.

బొప్పాయిలు రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత చెబుతాను.

చర్చిలో మొదటి వరసలో నేను, యేసురాజు గారు పక్కపక్కనే నిలబడ్డాం, మీరు చూశారు. ఆయన కాళ్లు మీరు చూసి ఉండరు. బూట్లు పట్టక, కొత్త సూటు కింద పాత రబ్బరు చెప్పులు వేసుకుని వచ్చారు. పాస్టరు గారి ప్రసంగం ఆదాము హవ్వల దగ్గర మొదలై అక్కడే తిరుగుతోంది. ఆయన బల్ల అంచు పట్టుకుని ఊగుతున్నారు. కూర్చోండి సార్ అని బతిమాలాను. "మీరు కూర్చుంటే కూర్చుంటానండి మాస్టారూ, లేకపోతే లేదు" అన్నారు. ఏ పాపం తెలియని మనిషి. మీరు ఆడిన అబద్ధాన్ని ఆయన కాళ్లు మోస్తున్నాయి.

నిజం చెబుదామని ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను. మళ్లీ తీసేశాను. ఇక మిగిలింది ఒకటే దారి.

కూర్చున్నాను, బావగారూ. టేకు బల్ల, దిండు లేదు, గుడ్డ లేదు. నా మ్రొక్కు తీరిందనుకుని చర్చంతా ఒక్కసారి స్తోత్రం అంది. నా కళ్లల్లో నీళ్లు చూసి పాస్టరు గారు ప్రసంగం ఆపి, ఇవి ఆనందబాష్పాలని సంఘానికి వివరించారు. యేసురాజు గారు నా పక్కన కూలబడి కాళ్లు చాపుకున్నారు. హెప్సిబా ముసుగులోంచి నా వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో గంటైనా కూర్చునేవాణ్ణి. పాస్టరు గారు నిజంగానే కూర్చోబెట్టారనుకోండి.

నొప్పి మరిచిపోదామని చుట్టూ చూశాను. అందరూ కూర్చునే ఉన్నారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురికి కూడా కుర్చీలు వేశారు. స్తంభం పక్కన ఒక్కరే నిలబడి ఉన్నారు, చేతులు వెనక్కి కట్టుకుని. మీరు. ఎవరో కుర్చీ తెచ్చి వేస్తే "పర్వాలేదండి" అన్నారు. మళ్లీ అంటే మళ్లీ పర్వాలేదన్నారు. ఆ పర్వాలేదండి ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలియదా? భోజనాల దగ్గర కూడా కనిపెట్టాను. మీ కూతురి పెళ్లిలో మీరు మటన్ వదిలేసి మజ్జిగన్నం తిన్నారు. సాయంత్రం మీ కొట్టు మీదుగా వెళ్లాను. రిపేరుకిచ్చిన కుర్చీ దాని చోటే ఉంది, అందులో మీ గుమాస్తా గిరగిరా తిరుగుతున్నాడు. నేను రాసిన డాక్టరు మాటల్లో బొప్పాయి ఒక్కటే పాటించి, బుట్టెడూ మీరే తిన్నారన్నమాట. మీరు మందు పెట్టెల వెనక నవ్విన నవ్వు గుర్తుందా? నేను రోడ్డు మీదే నవ్వాను, అందరూ చూస్తుండగా.

మీ పాస్టరు గారికీ అనుమానం వచ్చింది. వీడ్కోలప్పుడు నన్ను పక్కకి పిలిచి, "ప్రభుదాసు గారికి ఈ పెళ్లి ఇష్టం లేదాండి? అసలు కూర్చోలేదు" అని అడిగారు. నా పరువు మీరు కాపాడారు, మీ పరువు నేను కాపాడొద్దా? మా బావగారు మ్రొక్కుబడి చేసుకున్నారండి అని చెప్పాను. మొదటి మనవడు పుట్టేదాకా కూర్చోరు.

ఆదివారం చర్చిలో ప్రకటిస్తున్నారు. తప్పకుండా వెళ్లండి.

ఇట్లు,
ప్రస్తుతం టబ్బులో ఉన్న,
మీ బావమరిది సుందరరాజు.

తా.క.: కండక్టరు చేత కొత్త టబ్బు పంపుతున్నాను, మేనమామ కానుక. రేపు పొద్దున ఎ.కొండూరు రోడ్డు మీదికి నడకకి రండి, అడుగులు ఎంత చిన్నవి వేయాలో చూపిస్తాను. ఈ మ్రొక్కుబడి సంగతి యేసురాజు గారి చెవిన మాత్రం పడనివ్వొద్దు. ఆయన వాపు ఇంకా తగ్గలేదు.