కాస్త చేదు ఉంచాను

ప్రియమైన చెల్లీ,

నీ మేనకోడలు పిచ్చుక మళ్ళీ గెలిచింది. ఫిట్స్ బిళ్ళ పొడి చేసి, తేనెలో కలిపి, వాళ్ళమ్మ చేతులు పట్టుకుంటే నేను నోట్లో పోశాను. తుపుక్కున నా మొహాన ఉమ్మేసింది. నేను కుడుతున్న కోటు మీదా పడింది. డాక్టరేమో ఒక్క పూటా తప్పకూడదంటాడు. మొన్న తప్పింది, బడిలోనే పడిపోయింది, పెదవి చిట్లింది. మందుల ఫ్యాక్టరీలో పెద్ద పనని గొప్పలు పోతావుగా, ఏదో ఒకటి చెయ్యవే తల్లీ. నాకు భయంగా ఉంది.

చొక్కా మార్చుకోబోతున్న
మీ అన్నయ్య

ప్రియమైన అన్నయ్యా,

గొప్పలు కాదు, నిజమే చెప్పాను. మేం చేస్తున్నది ఆ మందే. నాలుక మీద పెడితే నీళ్ళు లేకుండానే కరిగిపోయే బిళ్ళ. కరిగితే చేదంతా నాలుకకే తగులుతుంది, అదీ తంటా! అందుకే ఒక్కో మందు రేణువుకీ పూత వేశాం. పూత పల్చనైతే నోట్లోనే చేదు బయటపడుతుంది, మందమైతే కడుపులో కూడా మందు విడవదు. నానా తిప్పలూ పడ్డాక ఇప్పుడు కుదిరింది. పైన స్ట్రాబెర్రీ రుచి కూడా వేశాను.

ఆసుపత్రి పరీక్షలు అయ్యేదాకా అసలువి ఇవ్వకూడదు. మందు లేని ఉత్త బిళ్ళలు ఒక షీటు పంపుతున్నాను, నోట్లో పెట్టుకోవడం అలవాటు చెయ్యండి. చేదన్న మాటే మర్చిపోతుంది, చూస్తూ ఉండు.

గొప్పలు పోయే
నీ చెల్లి

ప్రియమైన చెల్లీ,

నువ్వు మరీ ఎక్కువ గెలిచావే. మొదటి బిళ్ళ కరిగీ కరగకముందే చెయ్యి చాపింది. షీటు బీరువా మీద దాచాను. నేను కొలతల్లో మునిగి ఉంటే, కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కి మొత్తం ఖాళీ చేసింది. బొమ్మకి మాత్రం ఒకటి మిగిల్చిందట! వాళ్ళమ్మ నవ్వింది. నేనూ నవ్వాను, ఆ తర్వాత షీటులో ఖాళీ గుంటలు లెక్కపెట్టాను. అవే అసలు మందు బిళ్ళలైతే పిల్ల మనకి దక్కేదా?

స్టూలు అటకెక్కించిన
మీ అన్నయ్య

ప్రియమైన అన్నయ్యా,

ఇన్ని నెలలు ఉలుకూ పలుకూ లేదని తిట్టుకునే ఉంటావు. నీ ఉత్తరం మా పెద్దసారు ముందు చదివాను. "పిల్లలు ఇష్టపడటమే కదమ్మా మనకి కావాల్సింది?" అన్నారు. "మిఠాయిని ఇష్టపడనివ్వండి సార్. మందుని ఓర్చుకుంటే చాలు" అన్నాను. గట్టిగానే అరుచుకున్నాం. చివరికి స్ట్రాబెర్రీ తీసేశాం, తీపి తగ్గించాం. కరిగాక నాలుక చివర కాస్త చేదు ఉంచాను. తెలిసే ఉంచాను. చిన్న వేళ్ళకి చిరగని రేకు కూడా వేశాం.

పరీక్షలన్నీ నెగ్గాయి, మీ డాక్టరే రాసిస్తాడు. ఉమ్మేస్తే తప్పు నాది. కానీ ఉమ్మదు.

మొండిదైన
నీ చెల్లి

ప్రియమైన చెల్లీ,

"కాస్త చేదు" అన్న మాట చదవగానే నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇన్నాళ్ళూ ఆ పొడితో కుస్తీ పట్టింది మళ్ళీ చేదుకోసమా అని.

ఇవాళ పొద్దున మొదటి బిళ్ళ నాలుక మీద పెట్టాను. మొహం చిట్లించింది. వాళ్ళమ్మ అలవాటుగా చేతులు పట్టుకోబోయింది, నేను తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను. పిచ్చుక గుటకేసి మా ఇద్దర్నీ వింతగా చూసింది.

"చేదుగా ఉందా అమ్మా?" అన్నాను.

"కొంచెం. మందు కదా నాన్నా!" అంది, నాకేదో తెలియనట్టు. నా చేతిలో షీటు చూసి, "అవి దాచెయ్, రేపు వేసుకుంటా" అని బడి సంచీ తగిలించుకుంది.

వాళ్ళమ్మ ఏడ్చేసింది. నేను ఏడవలేదని రాద్దామనుకున్నాను, నువ్వు నమ్మవు.

నీకు క్షమాపణ బాకీపడ్డ
మీ అన్నయ్య