ఫిలిప్ మేష్టారు ఎక్కాల్సిన బండి

నవంబర్ 18, మంగళవారం
బావ తన మోటారుబండి తెచ్చి నా మెకానిక్ షెడ్డు ముందు పెట్టాడు. గొలుసు ఉండదు దానికి — ఇంజను నుంచి వెనక చక్రం దాకా షాఫ్టు. ఎప్పుడో వైజాగ్‌లో ఓడ ఉద్యోగి ఒకాయన దగ్గర కొన్న పాత విదేశీ బండి. అక్కకి అదంటే సవతే.

మలుపు తిరిగితే వెనక భాగం ఊగుతోందట. స్టాండు మీద నిలబెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కదిపాను. టక్. రిమ్ము మీద నూనె తడి. వెనక బేరింగు వదులైపోయింది. దీంతో ఘాట్ రోడ్డు ఎక్కితే చక్రం మధ్యలో బిగుసుకుపోవచ్చని చెప్పాను.

బావ ముఖం వాడిపోయింది. పాడేరు వెళ్ళాలట. ఫిలిప్ మేష్టారికి కిడ్నీలు బాగాలేవు. ఇద్దరూ ఒకే బళ్ళో పాఠాలు చెప్పినవాళ్ళు — ఆయన లెక్కలు, బావ డ్రాయింగు. ఈ బండెక్కి ఘాట్‌లో ఒక్కసారి తిరగాలని ఆయన ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నారు. రేపు, ఎల్లుండి అంటూ ఇద్దరూ రిటైరైపోయారు.

"ఎన్ని రోజులైనా పర్లేదు గోవిందూ. సరిగ్గా సెయ్యి," అన్నాడు.

నవంబర్ 20
గేరు నూనె దింపాను. నూనెలో ఇనప రజను మెరుస్తోంది. బావ వేలితో తీసుకుని ఎండలో పెట్టి చూశాడు. ఈ రంగు ఏ రంగుల డబ్బాలోనూ దొరకదన్నాడు. నాకు నవ్వాగలేదు.

నవంబర్ 21
అనకాపల్లిలో ఆ బేరింగు లేదు. వైజాగ్ కొట్టువాడు తెప్పిస్తానన్నాడు.

నవంబర్ 23, ఆదివారం
షెడ్డులో ఉండగా ఫిలిప్ మేష్టారి ఫోను. బావ స్పీకరు పెట్టాడు. గొంతు బాగా సన్నబడింది. బండికేమయిందని అడిగారు. బావ పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు. ఆయన విని, "బస్సులో మాత్రం రాకురా. వస్తే దాని మీదే రా," అన్నారు. తర్వాత దగ్గు. ఫోను ఆయన భార్య మేరీ గారు తీసుకున్నారు. ఆవిడ భర్త గురించి ఏదో చెప్పబోయి ఆగినట్టు అనిపించింది నాకు. బావ గమనించలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు.

నవంబర్ 27
పాత బేరింగు ఊడింది. దాని మూత వేడెక్కితేగానీ వదల్లేదు. వంటింట్లోంచి ఇడ్లీ గిన్నె పట్టుకొచ్చి నీళ్ళు మరిగించి అందులో దించాం. మా ఆవిడ లక్ష్మి గుమ్మంలో నిలబడి, ఇందులో మళ్ళీ ఇడ్లీలు ఎలా వెయ్యమంటారు అన్నయ్యా అని బావనే అడిగింది. బావ తల దించుకున్నాడు, బళ్ళో దొరికిపోయినవాడిలా.

మధ్యాహ్నం భోజనం ఆయనకి ఇప్పుడు మా ఇంట్లోనే. అక్కని చేసుకుని ఇన్నేళ్ళయింది... మేమిద్దరం ఇంతసేపు మాట్లాడుకున్నది ఎప్పుడూ లేదు. పండక్కి రావడం, తినడం, వెళ్ళడం. అంతే.

నవంబర్ 29
కొత్త బేరింగు వచ్చింది. ఫ్రిజ్‌లో పాల గిన్నె పక్కన పెట్టి, చల్లబడ్డాక వేడి మూతలోకి వదిలాం. తనంతట తనే జారి కూర్చుంది. బావ చప్పట్లు కొట్టాడు.

కానీ అంతా బిగించాక చక్రం బరువుగా తిరుగుతోంది. లోపల సందు సరిచేసే పల్చటి రేకు ఒకటుంటుంది — పాతది దీనికి సరిపడలేదు. వదులైతే ఊగుతుంది, బిగువైతే కాలిపోతుంది. రేకు నేనే అరగదీసుకోవాలి. మళ్ళీ విప్పడమే.

డిసెంబర్ 1, సోమవారం
మేరీ గారు బావకి ఫోను చేశారట. ఒకసారి వచ్చి వెళ్ళమని. ఇంకేమీ అనలేదట.

బావ చక్రం పక్కన చాలాసేపు కూర్చున్నాడు. "తిరుగుతంది కదా. ఇలాగే ఎల్లిపోనా?"

ఘాట్‌లో, ఇద్దరి బరువుతో... వద్దన్నాను. రెండ్రోజులు ఆగమన్నాను. ఆగాడు.

డిసెంబర్ 3
కుదిరింది. వేలితో తోస్తే తిరుగుతోంది. పైనా కిందా పట్టుకుని కదిపినా చప్పుడు లేదు. చెరుకు ట్రాక్టర్ల మధ్యనుంచి గోవాడ ఫ్యాక్టరీ దాకా వెళ్ళొచ్చాం. బావ నడిపాడు, నేను వెనక. మలుపులో బండి గీత గీసినట్టు పోయింది. రేపు పొద్దున్నే పాడేరు. అక్క మేష్టారికోసం బెల్లం కట్టి పెట్టింది.

డిసెంబర్ 4
మేష్టారు పోయారు. బావ స్నానానికి లేచేసరికే ఫోను వచ్చిందట.

డిసెంబర్ 5
సమాధి కార్యక్రమానికి బావ వెళ్ళలేదు. బస్సుకెళ్దాం రమ్మని అక్క చీర కట్టుకుని కూర్చుంది. ఆయన మంచం మీంచి లేవలేదు.

డిసెంబర్ 7
లేతు మిషను మీద పని పెట్టుకున్నాను. చెయ్యి సాగలేదు.

పాడేరు బస్సు షెడ్డు ముందునుంచే పోతుంది. రోజూ పోయింది. బేరింగు కోసం ఎదురుచూసిన రోజుల్లోనూ, రేకు అరగదీస్తూ కూర్చున్న రోజుల్లోనూ. బావా, ముందు బస్సులో వెళ్ళి చూసిరా, బండి తర్వాత తీసుకెళ్దువుగాని — ఈ ఒక్క మాట నేను అనలేదు. మేష్టారే వద్దన్నారు కదా అని సర్దిచెప్పుకుని చూశాను. జబ్బు మనిషి సరదాకి అన్న మాట అది.

వదులు బేరింగుతో పంపనందుకు బాధ లేదు. అది సరైన పనే. బాధ ఎక్కడంటే... ఆ పదిహేను రోజులూ నాకు హాయిగా ఉంది. బావకీ ఉంది. పని అయిపోకూడదని లోపల ఎక్కడో ఉందేమో. తెలియదు.

డిసెంబర్ 10
అక్క వచ్చింది. "ఆయన నిన్నొక్క మాట అనట్లేదు తమ్ముడూ. నన్నూ అనట్లేదు. అదే బయంగా ఉంది నాకు."

లక్ష్మి టీ ఇచ్చింది. అక్క తాగకుండానే వెళ్ళింది.

డిసెంబర్ 14, ఆదివారం
మధ్యాహ్నం బావ వచ్చాడు. గడ్డం పెరిగింది. బండి తియ్యమన్నాడు, నన్నే నడపమన్నాడు. ఎక్కడికని అడగలేదు. వడ్డాది రోడ్డెక్కాను. వడ్డాది దాటాం, మాడుగుల దాటాం. ఘాట్ మొదట్లో భుజం తట్టి ఆపమన్నాడు.

దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు. పైకి లారీలు మూలుగుతూ ఎక్కుతున్నాయి.

"మేరీ గారు అడుగుతాది. ఇన్నాళ్ళూ ఏటి సేసేరూ అని. ఏటి సెప్పను గోవిందూ? బండి బాగుసేసుకుంటన్నామని సెప్పనా?"

నేను వంగి వెనక చక్రం మీద చెయ్యి పెట్టి చూశాను. వేడెక్కలేదు.

కాసేపటికి వచ్చి వెనక కూర్చున్నాడు. పైకి పోనిమ్మనలేదు, వెనక్కి తిప్పమనలేదు. ఎండ వాలుతోంది. నేనే ఇంటివైపు తిప్పాను. దారంతా ఆయన చెయ్యి నా భుజం మీదే ఉంది.

నేనే ఘాట్ పైకి తీసుకెళ్తాననుకున్నాడేమో. అడగాల్సింది.