పాప చేతి పూసలు

అక్టోబర్, శనివారం. మోరిస్‌విల్.

పొద్దుటినుంచి సన్నని జల్లు. గరాజ్ ఊడ్చి, సుజాతతో మ్యూజియమ్‌కి వెళ్ళాను. వేల ఏళ్ళనాటి పసిబిడ్డ సమాధిలో దొరికిన పూసలు అద్దం వెనక నీళ్ళలో తేలుతున్నట్టు కనిపించాయి.

"మన పాప చేతికీ దిష్టిపూసలున్నాయి కదండీ. ఒట్టి చేతుల్తో పోలేదు," అంది సుజాత.

మనలో పసివాళ్ళను కాల్చరు. మూడేళ్ళ కిందట పాపను ఇక్కడే, ఈ ఊరి శ్మశానంలో పూడ్చాం. ఒంటిమీద ఏదీ ఉంచకూడదని పెదనాన్న ఫోన్‌లో చెబితే, పూసలు నేనే విప్పి జేబులో వేసుకున్నాను. సుజాతకు చెప్పలేదు.

తిరిగొచ్చే దారంతా చెట్లు కూడా నీళ్ళ అడుగున ఉన్నట్టే ఉన్నాయి. ఇంటికి రాగానే డ్రాయర్‌లోంచి పూసలు తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఇవెక్కడివి?"

"ఆ రోజు నేనే తీశాను."

సుజాత పూసలూ, తోటపని చిన్న పారా తీసుకుని నాలుగున్నరకి ఒక్కతే కారులో వెళ్ళింది.