ఓక్ ఆకులకు మచ్చల్లేవు

శ్రీనూ,

క్యారీ ఊళ్లోని మన ఇంటి ఓక్ చెట్టుకు ఈ వసంతంలో ఒక్క ఆకు మీదా గోధుమరంగు మచ్చ లేదు. గెలిచింది నేనే, ఒప్పుకో.

రాలిన ఆకులు ఎరువవుతాయని ఏటా చెట్టు మొదట్లోనే కుప్ప పోసేవాడివి. "ఫంగస్ ఆ ఆకుల్లోనే ఉంటుంది, క్లీన్ చేసేయ్" అంటే, "రైతు బిడ్డకే చెప్తున్నావా?" అనేవాడివి. కిందటేడూ అలాగే పోశావు.

నువ్వు పోయాక, కొత్త చిగుళ్లు రాకముందే అంతా ఊడ్చి సంచులకెత్తాను. మొన్న పక్కింటి సునీత, "ఏం స్ప్రే చేశావ్?" అని అడిగింది. చీపురు చూపించాను.

ఒక్క సంచి మాత్రం చెత్త బండికి ఇవ్వలేదు. నువ్వు పోసిన ఆఖరి కుప్ప కదా. గరాజ్‌లో ఉంది. మూతి గట్టిగానే కట్టాను, చెట్టుకేం కాదులే.