నీ జవాబు

లావణ్యా,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. జ్వరంతో నువ్వు పోయి రెండేళ్లయింది. అశోక్‌నగర్ హాస్టల్లో మన గదిలో, నీ మంచం మీద ఇప్పుడు వేరే అమ్మాయి ఉంటోంది.

మనం కలిసి రాసిన ఉద్యోగ పరీక్ష మీద ఇన్నాళ్లూ కోర్టులో కేసు నడిచింది. నిన్న సరిదిద్దిన జవాబుల కీ వచ్చింది. చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, నా పుస్తకంలో దాచిన నీ జవాబుపత్రం నకలు తీసి చూశాను. ఒక్క మార్కుతో పోయిందని ఏడ్చావే, ఆ మార్కు ఇప్పుడు కలిసింది. ఉద్యోగం వచ్చేది. అంత జ్వరంలో మళ్లీ పుస్తకాలు ముందేసుకుని కూర్చునేదానివి కాదు.

నేను చూడకుండా ఉండాల్సింది.

సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. "కీ మారిందంట గదా బిడ్డా, మా పిల్లకు నౌకరి వస్తుండెనా?"

"లేదమ్మా. మార్కు ఇంకా తక్కువనే ఉంది," అన్నాను.

"మంచిదాయె. ఇగ నిద్రపోత," అంది.

ఆమెకు అబద్ధం చెప్పాను. నీకైనా నిజం చెప్పాలి. ఆ మార్కు పోయిన ప్రశ్న మీద అప్పుడే అభ్యంతరం పెడదామని నువ్వంటే, "నీదే తప్పు, ఇడిచిపెట్టు" అని నవ్వాను.

నీ జవాబే సరైనది, లావణ్యా.