మంచిగున్నోళ్లకూ గోలీలే

నాయనమ్మా,

రేపు నీ సంవత్సరీకం. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని మా ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చాను. బస్సు దిగగానే మన ఊరి దవాఖానకు వెళ్లాను.

తలనొప్పి తగ్గిందని నువ్వు బీపీ గోలీలు ఆపేశావు. మంచిగున్నోళ్లకు మందెందుకన్నావు. తర్వాత పక్షవాతం వచ్చింది. ఊళ్లో చాలామంది అలాగే ఆపేస్తారని దవాఖానలోని నర్సమ్మ చెప్పింది. అందుకే మందులకు రానివాళ్లకు ఫోన్ వెళ్లే ఏర్పాటు నేను, నా స్నేహితులు కలిసి చేశాం. మొదట పుస్తకాల తెలుగులో చెప్పించాం. లోన్ ఇచ్చేవాళ్లనుకుని అందరూ ఫోన్ పెట్టేశారు. చివరికి నా కాన్వెంట్ తెలుగు పక్కన పెట్టి, నీ మాటల్లో నేనే రికార్డు చేశాను: "గోలీలు ఒడిసినయ్ గద, ఇంక రాలేదేంది?"

ఇవాళ దవాఖాన వరండా నిండిపోయింది. మన పక్కింటి బాలమ్మ నర్సమ్మతో కొట్లాడుతోంది.

"ఎవలే ఆ పిల్ల? నాట్లల్ల ఉన్న, రేపొస్త అని చెప్తనే ఉన్న, ఇనకుండ ఫోన్ పెట్టేసింది!"

"అది రికార్డు, బాలమ్మా. నీ మాట దానికి ఇనవడదు. అయినా వచ్చినవ్ గద!"

"రాకుంటే మల్ల జేస్తదాయె!"

నర్సమ్మ ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టి చూసింది. ఫోన్లు మొదలయ్యాక బాలమ్మ ఒక్క నెలా మానలేదు. బీపీ అదుపులోనే ఉంది.

అంతమంది ముందు గొంతు పెంచి, "ఆ పిల్లను నేనే, అవ్వా" అన్నాను.

బాలమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వానే? అచ్చం మీ నాయనమ్మ గొంతే. సచ్చినంక గూడ ఆమెనే ఒర్లుతున్నట్టుండె. గందుకే భయానికి గోలీలు ఏస్కుంటున్న!"