సూపు పొట్లాలన్నీ అటకెక్కించాను

ఏమండీ,

చిట్టి నెలలకు తగ్గ బరువు లేదని మళ్ళీ తూకానికి రమ్మన్నారు, దాన్ని ఎత్తుకుని ఆస్పత్రికి వెళ్తున్నాను. మీరు డ్యూటీ దిగి రాగానే పాలు కాచండి, మేడ మీద బట్టలు తెండి. మీరు తెచ్చిన సన్నబడే సూపు పొట్లాలన్నీ అటకెక్కించాను. దించకండి, నేనిక తాగను.

ప్రతి ఆదివారం మీ పార్సిల్ ఆఫీసు కాటా మీద నన్ను నిలబెట్టి, మూటలు మోసేవాళ్ళ ముందు అంకె పైకి చదువుతారు. మూడు వారాలైనా కదల్లేదేమని మొన్న నిలదీశారు. ఎలా కదులుతుంది? ఆ సూపు తాగిన గంటకే కడుపు నకనకలాడుతుంది. అప్పుడు వంటింటి తలుపు చాటున నిలబడి, రొట్టెకు చక్కెర అద్దుకుని దొంగలా ఆరేసి ముక్కలు మింగుతున్నాను. వేళకు కడుపునిండా తిననిస్తే రెండుతో ఆగేదాన్ని.

నిన్న చిట్టిని ఎత్తుకుని మెట్లు దిగుతుంటే కళ్ళు తిరిగాయి. గోడ అందబట్టి సరిపోయింది. "పాలిచ్చే తల్లిని కడుపు మాడ్చుకోమని ఏ మహానుభావుడు చెప్పాడమ్మా?" అని నర్సమ్మ మొన్ననే అడిగింది. మా ఆయనే అనడానికి నోరు రాలేదు.

నాలుగు గుడ్లు, బంగాళాదుంపలు ఉడకబెట్టి ఉంచండి. వచ్చాక ఇద్దరం కూర్చుని తిందాం.

ఇంకో మాట. కాన్పయ్యాక నా ఒళ్ళు చూస్తే మీకు నామోషీగా ఉందా? ఉంటే నాతోనే అనండి, ఏడ్చి ఊరుకుంటాను. అనలేక పొట్లాలు మాత్రం తేకండి.